స్టీలు ట్యాంకుకి ఒక న్యాయం, జీలుగు కుండకి ఇంకో న్యాయమా?

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి, తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

మన గ్రూపులో ఈ మధ్య స్టీలు ట్యాంకుల్లో ఇంట్లోనే బీరు చేసుకునే విదేశీ వీడియోలు బాగా తిరుగుతున్నాయి. కింద రెండు రకాల మాటలు కనిపిస్తున్నాయి. ఒకటి: "మనం కూడా ఇలాంటి ట్యాంకు పెట్టి ఇప్పపువ్వు బీరు చేసి పట్నంలో అమ్ముదాం, కోటీశ్వరులం అయిపోతాం." రెండోది: "చదువుకునే పిల్లల గ్రూపులో తాగుడు గోలేంటి, సిగ్గు లేదా?" ఈ రెండు మాటలూ మాకు సగం సగమే నచ్చాయి. ట్యాంకు గురించి మాట్లాడాల్సిందే. కానీ దాన్ని కొనడానికి కాదు. అదే పని మన ఇళ్ళల్లో జరిగితే నేరం ఎలా అయ్యిందో అడగడానికి.

మేమెవరమంటే, రంప ఏజెన్సీ ఊళ్ళ నుంచి వచ్చి పట్నంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న వాళ్ళం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మాలో కొందరిది మైక్రోబయాలజీ. పరిశ్రమల్లో సూక్ష్మజీవుల పాఠంలో ఫెర్మెంటర్ బొమ్మ వేసి భాగాలు గుర్తించడం పరీక్షలో వచ్చే ప్రశ్న. పది మార్కులు. ఆ పది మార్కుల పాఠం నుంచే ఈ పోస్టు పుట్టింది.

ముందు ఆ ట్యాంకు ఏం చేస్తుందో చూద్దాం. తెలియకుండా పొగడకూడదు, తెలియకుండా తిట్టనూ కూడదు.

బీరు అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్ళలో నానబెట్టి, ఆ తీపి నీళ్ళను హాప్స్ అనే పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్టు కలపడం. ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలు, కార్బన్ డయాక్సైడు వదులుతుంది. పని అయిపోయాక ఈస్టు గుంపులు కట్టి అడుక్కి దిగుతుంది. దానితోపాటు హాప్స్ పిప్పి, ప్రొటీను ముద్దలు కూడా దిగుతాయి. బకెట్టులో చేస్తే ఈ మడ్డి అంతా అడుగున పరుచుకుంటుంది. మడ్డి మీద బీరును చాలా రోజులు ఉంచితే చచ్చిన ఈస్టు కరిగి రుచి చెడుతుంది. అందుకని గొట్టం పెట్టి ఇంకో పాత్రలోకి మార్చాలి. మార్చేటప్పుడు గాలి తగిలితే బీరు పాడు.

ఇక్కడే శంకువు ఆకారం పనికొస్తుంది. పైన స్తంభంలా గుండ్రంగా, కింద గరాటులా సన్నగా ఉంటుంది. గరాటు గోడలు బాగా ఏటవాలుగా ఉంటాయి కాబట్టి మడ్డి జారి కొసకి చేరుతుంది. అక్కడ ఒక వాల్వు. తిప్పితే మడ్డి మాత్రమే బయటికి వచ్చేస్తుంది, బీరు కదలదు. కొంచెం పైన ఇంకో వాల్వు, దాంట్లోంచి తేట బీరు. అడుగు నుంచి తీసిన మంచి ఈస్టును మళ్ళీ తర్వాతి విడతకు వాడుకోవచ్చు. ఈ ఆకారపు పెద్ద ట్యాంకులకు 20వ శతాబ్దం మొదట్లోనే లియోపోల్డ్ నాథన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. ఫ్యాక్టరీల్లో ఉన్నదాన్నే చిన్నది చేసి ఇప్పుడు ఇళ్ళకు అమ్ముతున్నారు.

స్టీలు ఎందుకంటే సులువుగా గీతలు పడదు. ప్లాస్టిక్ బకెట్టును పీచుతో రుద్దితే సన్నని గీతలు పడతాయి, వాటిలో బ్యాక్టీరియా దాక్కుంటుంది, ఎంత కడిగినా పోదు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటాయి. క్రోమియం గాలితో కలిసి పైన కంటికి కనపడని పొర కడుతుంది. పులుపు తగిలినా తుప్పు పట్టదు, లోహం బీరులోకి దిగదు. వెలుతురు లోపలికి పోదు. చుట్టూ చల్లటి నీళ్ళ గొట్టం చుట్టి వేడి అదుపు చేయొచ్చు. ఏల్ రకం బీరుకు 18 నుంచి 22 డిగ్రీలు, లాగర్ రకానికి ఇంకా చల్లగా ఉండాలి. ఈస్టు పని చేసేటప్పుడు తనే వేడి పుట్టిస్తుంది కాబట్టి ఈ అదుపు అవసరం.

ఇంత చెప్పాక అసలు మాట. ఇరవై లీటర్లు చేసుకునేవాడికి ఇది తప్పనిసరా? కాదు. అంత తక్కువలో వచ్చే మడ్డి తక్కువే. ఆ దేశాల్లోనే బకెట్టుతో మంచి బీరు చేసుకుంటున్న వాళ్ళు కోకొల్లలు. స్టీలు ట్యాంకు వాల్వులు విప్పి, రబ్బరు వాషర్లు తీసి కడగకపోతే బకెట్టుకంటే ఎక్కువ మురికి అందులోనే చేరుతుంది. పైగా లోపల ఏం జరుగుతుందో కనపడదు. ధర చూస్తే మా హాస్టల్లో ఒకరి ఏడాది మెస్ ఖర్చు దాటిపోతుంది. మంచి బీరు వచ్చేది మూడింటి వల్ల: శుభ్రం, వేడి అదుపు, మంచి ఈస్టు. ట్యాంకు ఆ మూడింటినీ సులువు చేస్తుంది, అంతే. తెలివి ట్యాంకులో లేదు, చేసేవాళ్ళ చేతిలో ఉంది.

ఆ తెలివి మన దగ్గర లేదా? ఉంది. దాన్ని చదువు అని ఎవరూ అనలేదు, అంతే తేడా.

జీలుగు చెట్టు గెల కోసి కుండ కడితే తీపి నీరు దిగుతుంది. పొద్దున తియ్యగా ఉండేది మధ్యాహ్నానికి పొంగుతుంది, సాయంత్రానికి పులుస్తుంది. గాలిలో, గెల మీద, కుండ గోడల్లో ఉన్న ఈస్టు దాన్ని పులియబెడుతుంది. మట్టికుండ గోడలో సన్నని రంధ్రాలుంటాయి, నిన్నటి ఈస్టు అందులో ఉండిపోయి ఇవాళ పని మొదలుపెడుతుంది. శంకువు అడుగున తీసి దాచుకునే ఈస్టుకీ దీనికీ సూత్రం ఒకటే. కుండను ఎప్పుడు కడగాలి, ఎప్పుడు పొయ్యి మీద పొగలో బోర్లించాలి, ఏ కుండను ఇక పారెయ్యాలి అన్నది మన ముసలోళ్ళకు వాసనతోనే తెలుసు. ఒడిశా కోరాపుట్, ఛత్తీస్‌గఢ్ బస్తర్ వైపు మన చుట్టాలు చేసే లందా చూడండి. ఉడికించిన బియ్యప్పిండిలో మొలకెత్తిన చోళ్ళ పిండి కలుపుతారు. ఎందుకు? మొలకలో పుట్టే ఎంజైము పిండిని చక్కెరగా మారుస్తుంది. బార్లీని మొలకెత్తించేదీ అందుకే. జార్ఖండ్‌లో హండియాకి వాడే రాను బిళ్ళల్లో బూజు, ఈస్టు రెండూ కలిసి ఉంటాయి. యూరప్‌లో 1883లో హాన్సెన్ అనే శాస్త్రవేత్త ఈస్టును శుద్ధంగా వేరు చేసి పెంచాడని మాకు పాఠంలో ఉంది. మంచిదే, గొప్ప పనే. కానీ మన అవ్వలు చేసేది అదే పాఠంలో ఒక్క వాక్యం కూడా లేదు.

ఇప్పుడు చట్టం సంగతి. అమెరికాలో మద్యనిషేధం 1933లో పోయింది. ఇంట్లో ద్రాక్షసారా చేసుకోవడానికి అప్పుడు వెసులుబాటు వచ్చింది, బీరుకు రాలేదు. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో, 1979 ఫిబ్రవరి నుంచి, ఇంటి వాడకానికి బీరు చేసుకోవడం పన్ను లేకుండా చట్టబద్ధం అయ్యింది. ఒక్క పెద్దమనిషి ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకంటే ఎక్కువ మంది ఉంటే 200 గ్యాలన్లు. అంటే దాదాపు 757 లీటర్లు. అమ్మకూడదు. మిసిసిపీ, అలబామా రాష్ట్రాలు మాత్రం 2013 దాకా ఒప్పుకోలేదు. ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆ చట్టం బీరు, ద్రాక్షసారాలకే. బట్టీ పెట్టి సారా దించడానికి ఆ వెసులుబాటు ఇవ్వలేదు. కాబట్టి "అమెరికాలో అన్నీ చేసుకోనిస్తారు, మన ఇప్పసారాను మాత్రం ఆపుతారు" అని గుడ్డిగా పోల్చకండి. జీలుగు కల్లు, లందా బీరు పక్కన నిలబడతాయి. ఇప్పసారా లెక్క వేరు, దాని గురించి కింద చెప్తాం.

అక్కడ ఇంటికి ఇంత అని కొలత పెట్టి నమ్మారు. ఇక్కడ మనల్ని నమ్మిందెప్పుడు?

మన రంప చరిత్రలోనే జవాబు ఉంది. 1879లో రంప పితూరీ ఎందుకు లేచింది? బళ్ళో మాకు రెండు లైన్లలో చెప్పి వదిలేశారు. పెద్ద కారణాల్లో ఒకటి కల్లు. అప్పటిదాకా మనోళ్ళు చెట్టు గీసుకుని ఇంటికి తాగేవాళ్ళు. ముఠాదారుల మీద ఉన్న మన్సబుదారు చిగురు పన్ను వేసి వసూలు చేశాడు. తర్వాత మద్రాసు ప్రభుత్వం కొత్త ఆబ్కారీ నిబంధనలు తెచ్చి, ఇంటి వాడకానికి గీసుకోవడమే నేరం చేసి, కల్లు ఆదాయాన్ని కింది నుంచి వచ్చిన కాంట్రాక్టర్లకు అప్పగించింది. చెట్టు మనది, కొండ మనది, పన్ను వాళ్ళది. తమ్మన్న దొర లాంటి వాళ్ళు పోలీస్ స్టేషన్ల మీద పడ్డారు. అణచడానికి సైన్యం దిగాల్సి వచ్చింది. అల్లూరి సీతారామరాజు ఉద్యమానికి నలభై ఏళ్ళ ముందు మాట ఇది. తాగడం కోసం కొట్లాడారు అని వెక్కిరించే వాళ్ళు ఉంటారు. వాళ్ళు కొట్లాడింది సొంత చెట్టు మీద సొంత చెయ్యి వేసే హక్కు కోసం.

ఇంగ్లీషోళ్ళు పోయారు. ఆబ్కారీ పోలేదు. 1968 ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చెయ్యడం నేరం. హైదరాబాదు, బెంగుళూరుల్లో మైక్రో బ్రూవరీ పెట్టినాయన అద్దాల వెనక మెరిసే శంకువు ట్యాంకులు నిలబెట్టి, వాటి ముందు ఫొటోలు దిగుతాడు. ఆయన లైసెన్సు కట్టాడు, నిజమే, తప్పు పట్టం. కానీ మన ఊళ్ళో పండక్కి కుండ పెట్టిన ముసలామెకు ఆ లైసెన్సు ఫీజు కట్టే దారి ఎక్కడుంది? ఆయన చేసేదాని పేరు క్రాఫ్టు. ఆమె చేసేదాని పేరు కేసు. దాడికి వచ్చినవాళ్ళు బెల్లం ఊట డ్రమ్ముకీ, వేల్పు దగ్గర పెట్టే కుండకీ తేడా చూడరు. కర్రతో రెండూ పగలగొడతారు.

కేంద్ర ప్రభుత్వానికి ఈ తేడా తెలియదా అంటే, తెలుసు. 1970లలోనే గిరిజన ప్రాంతాల ఎక్సైజు విధానం మీద రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. గిరిజన ప్రాంతాల్లో వ్యాపార మద్యం అమ్మకాలు ఆపండి, ఇంటి వాడకానికి, పండగలకు సంప్రదాయ పానీయం చేసుకోనివ్వండి అన్నది దాని సారాంశం. ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్‌లలో ఆదివాసీలకు సొంత వాడకానికి ఒక పరిమితి వరకు మినహాయింపు ఉంది. 1996 పెసా చట్టం ఇంకా ముందుకు వెళ్ళింది. మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఉండాలంది. చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం కూడా. మన దగ్గర 2011లో దానికి నియమాలు కూడా వచ్చాయి. కానీ ఎన్ని ఊళ్ళలో గ్రామసభ కూర్చుని "మా ఊళ్ళో బెల్టు షాపు వద్దు, మా పండగ కుండ మాకు కావాలి" అని తీర్మానం రాసింది? మీ ఊళ్ళో రాశారా? మా ఊళ్ళల్లో రాయలేదు.

ఇక సిగ్గు లేదా అని అడిగిన అక్కకి. అక్కా, నీ కోపం మాకు అర్థమైంది. తాగుడు మన ఊళ్ళను తింటోంది, ఇది కాదనే ధైర్యం మాకు లేదు. కూలి డబ్బులు బెల్టు షాపులో పోసి వచ్చే నాన్నలు, అన్నం కుండ ముందు ఏడ్చే అమ్మలు మాలో చాలామందికి తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు, రాష్ట్రమంతా అంటుకుంది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో పోయింది. ఆ అమ్మలు కొట్లాడింది ఎవరి మీద? ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో ప్యాకెట్లు చేసి, కాంట్రాక్టర్లతో ఊరూరా అమ్మించిన సారా మీద. కుటుంబాన్ని కూల్చింది అమ్మకం, లాభం. జీలుగు కాలంలో పంచుకుని తాగిన కల్లుకి లాభం చూసుకునేవాడు లేడు. దాచి రేపు అమ్ముదామన్నా నిలవ ఉండదు, పులిసి పోతుంది. అందుకే మన పెద్దోళ్ళకు అది ఒక కాలపు తిండిలా ఉండేది, ఏడాది పొడుగునా దొరికే సీసాలా కాదు.

అందుకని మేము మూడింటిని వేరు చేసి చూడమంటున్నాం.

ఒకటి, కల్లు, లందా. పులియబెట్టినవి, బీరుకు దగ్గరవి. ఇంటికీ పండగకీ, గ్రామసభ పెట్టిన కొలతలో, అమ్మకం లేకుండా. దీన్ని నేరం జాబితా లోంచి తీసెయ్యాలి.

రెండు, ఇప్పసారా. బట్టీ మీద దించేది కాబట్టి గాఢత ఎక్కువ. దించేటప్పుడు ఎంత గాఢత వచ్చిందో కొలిచే సాధనం మనకు లేదు. పాత లారీ రేడియేటర్లు, అతుకులు వేసిన రేకు డబ్బాలు వాడితే సీసం దిగుతుంది. వేల్పుల పూజలకు, పుట్టుక చావులకు దాని స్థానం ఎవరూ తీసెయ్యలేరు. కానీ కొలత కల్లు కంటే గట్టిగా ఉండాలి, పాత్ర శుభ్రంగా ఉండాలి. ఈ మాట మన ఇళ్ళల్లో మనమే చెప్పాలి.

మూడు, నవసారం, యూరియా కలిపి బెల్లం ఊటతో అమ్మకానికి కాచే నాటుసారా, దానితోపాటు బెల్టు షాపు సీసా. ఈ రెండింటినీ మనం సంస్కృతి అని కాపాడొద్దు. "మా ఆచారం" అనే ముసుగులో వ్యాపారి దాక్కుంటే మన నోటితో మనమే బయటికి లాగాలి.

ఇప్పుడు కోటీశ్వరులం అవుదామన్న తమ్ముడికి. నీ ఆశ తప్పు కాదురా. గోవా జీడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అస్సాంలో దిమాసా జనం చేసే జుడిమా బియ్యం కల్లుకి 2021లో వచ్చింది. మధ్యప్రదేశ్ ఇప్పసారాను హెరిటేజ్ లిక్కర్ అని పేరు పెట్టి ఆదివాసీ సంఘాల చేత చేయించి అమ్మించే విధానం తెచ్చింది. బాగానే ఉంది. కానీ ఇప్పపువ్వు కిలో లెక్కన మన దగ్గర కొని, స్టీలు ట్యాంకులో పులియబెట్టి, సీసాకి మన బొమ్మ అంటించి వేలల్లో అమ్మే రోజు వస్తే, ట్యాంకు ఎవరిది, పేరు ఎవరిది, లాభం ఎవరిది అని ముందే అడగాలి. ట్యాంకు కొనగలిగినోడే యజమాని అవుతాడు. ఏరిన అమ్మ ఏరుతూనే ఉంటుంది. 1879లో కాంట్రాక్టరు వచ్చినట్టే ఈసారి బ్రాండు వస్తుంది. ఇంకో సంగతి. ఇప్పపువ్వు అంటే సారా ఒక్కటే కాదు. ఉట్నూరులో ఆదివాసీ అక్కలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. వ్యాపారం మొదలుపెట్టాలంటే అక్కడి నుంచి మొదలుపెడితే ఏ అమ్మా ఏడవదు.

మరి ఆ ట్యాంకు నుంచి మనం తీసుకోవాల్సింది ఏమీ లేదా? ఉంది. ట్యాంకు అక్కర్లేదు, దాని వెనకున్న లెక్క కావాలి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు చెయ్యగలిగినవి కొన్ని ఇవి.

పురుగుమందు, ఎరువు వచ్చిన ప్లాస్టిక్ డ్రమ్ములో, డబ్బాలో ఏ పానీయమూ పొయ్యనివ్వకండి. ఎంత కడిగినా అది విషమే. ఈ ఒక్క మాట పాటించినా ప్రాణాలు నిలుస్తాయి.

జింకు పూత డబ్బాలు, అల్యూమినియం గిన్నెలు పులిసే వాటికి వద్దు. పులుపుకి లోహం కరుగుతుంది. మట్టికుండ మంచిదే, లేకపోతే మామూలు స్టీలు బిందె చాలు. శంకువు అక్కర్లేదు.

మట్టికుండకి బీటలు, లోపల నల్ల బూజు కనిపిస్తే మార్చమనండి. అవ్వకు తెలుసు, కానీ కొత్త కుండకు డబ్బులుండవు. ఆ డబ్బులు మనం ఇద్దాం.

పులిసేదాన్ని మూత బిగించి ఉంచకండి. గాలి పోయే దారి లేకపోతే పేలుతుంది. స్టీలు ట్యాంకుల మీద ఎయిర్‌లాక్ పెట్టేది అందుకే.

అన్నిటికంటే ముఖ్యం, ఒక నోటు పుస్తకం తీసుకుని అవ్వ పక్కన కూర్చుని రాసుకోండి. ఏ ఆకు, ఏ వేరు, ఎన్ని రోజులు, ఏ నెల, ఎవరికి మొదట పొయ్యాలి, ఎవరికి పొయ్యకూడదు. ఆ చివరి రెండు ముక్కలు చూడండి. మన ఆచారంలోనే అదుపు ఉంది. బెల్టు షాపులో ఆ అదుపు లేదు.

ప్రభుత్వాన్ని అడిగేవి కూడా ఎక్కువ లేవు. షెడ్యూల్డు ప్రాంతంలో ఇంటికీ పండగకీ ఇంత అని కొలత పెట్టి మినహాయింపు ఇవ్వండి. ఆ కొలత గ్రామసభ నిర్ణయించాలి, ఆ సభలో సగం మంది ఆడవాళ్ళు కూర్చోకపోతే తీర్మానం చెల్లకూడదు. తాగుడు దెబ్బ మొదట తగిలేది వాళ్ళకే కాబట్టి చివరి మాట వాళ్ళదే. వద్దంటే వద్దు, కుండ కూడా వద్దంటే కుండ కూడా వద్దు. మేము దానికి ఒప్పుకుంటాం. గ్రామసభ కాదన్న బెల్టు షాపును మూడు రోజుల్లో తీయించండి. కుండ పగలగొట్టే ముందు అది అమ్మకానికా, పూజకా అని గ్రామసభను అడగండి.

మా పాఠం బొమ్మలో ఫెర్మెంటర్‌కి ఎనిమిది భాగాలు గుర్తించాలి. మేము గుర్తిస్తాం, మార్కులు తెచ్చుకుంటాం, డిగ్రీ పాసవుతాం. మాలో ఎవరైనా రేపు లెక్చరర్ అయితే ఆ పాఠంలో జీలుగు కుండ బొమ్మ కూడా వేయిస్తాం. అప్పటిదాకా ఒక్క పని మన చేతిలో ఉంది. వచ్చే గ్రామసభకు మీ ఊళ్ళో ఎవరు వెళ్తున్నారు, ఎజెండాలో ఈ మాట పెట్టిస్తారా లేదా, మీ మండలం పేరుతో కింద రాయండి. పేర్లన్నీ కలిపి తీర్మానం నమూనా మేము రాసి పెడతాం.

జై ఆదివాసీ.

ఇట్లు,
రంప ఏజెన్సీ హాస్టల్ విద్యార్థులం